దించు

రొట్టెల పిండి తూచే కాటా మింద
విమానాన్ని పండబెట్టినాడు మాజిన్ అబ్బి.
రెండు నూర్ల పన్నెండు గ్రాములు.
"నీ రెండు ఉల్లిగడ్డలంత లేదు, మోనా" అని నవ్వినాడు.
మునెమ్మ అంటే ఈ ఇంట్లో ఎవురికీ నోరు తిరగక
మోనానై ఆరేండ్లాయ.

రెక్క కింద తెల్ల కాయితం అంటించినాడు:
వాళ్ళ నాయన పేరు, ఫోన్ నంబరు, అనుమతి నంబరు.
ఎగరాలంటే దానిక్కూడా కాయితాలుండాల.
నా కాయితాలు మేడమ్ బీరువాలో ఉండాయి,
దీని కాయితాలు దీని ఒంటి మిందనే.

శుక్కురారం, అసర్ నమాజు అయినాక
సొహార్ సముద్రం పక్క పార్కు.
ఎండ తగ్గలేదు గానీ దాని కోపం తగ్గింది.
గేటు కాడ కాపలా నూరుల్
కోడిపెట్టను బేరమాడే మాదిరి
విమానాన్ని ఎల్లకిలా తిప్పి చూసినాడు.
"కెమెరా ఉందా?"
"లేదు."
కన్ను లేని పిట్ట.
బోర్డు మింద వేలు పెట్టి, ప్రతివారం లాగనే చదివినాడు:
ఉయ్యాలల కాడ వద్దు,
మనుషుల నెత్తిన వద్దు,
ఈత చెట్లకు అవతల ఖాళీ మైదానంలోనే,
పొద్దు గూకే లోపలే.
మాకు నోటికొచ్చు.
అయినా నిలబడి విన్నాం.
చదవడం వాని ఉద్యోగం, వినడం మా మర్యాద.

ఎగరేసేవాడు పిట్టనే చూడాల,
పక్కన ఇంకొకరు నేలను చూడాల.
అదీ మా ఒప్పందం.
అబ్బి కండ్లు పైన, నా కండ్లు కింద.
నా చున్నీ కొస ఎటు లేస్తే గాలి అటు,
దానికి ఎదురు తిరిగి
చేత్తో విసిరినాడు.

మజ్జిగ చిలికే మిషను చప్పుడు.
అంతే, పోయింది,
నీలంలోకి, ఒక తెల్ల గీత.

కంటికి ఆనినంత దూరమే పోనియ్యాలంట.
కనుచూపు దాటితే తప్పంట.
మంచి రూలు.
రాయచోటిలో నన్ను బస్సెక్కించిన ఏజెంటుకు
ఎవురూ చెప్పినట్టు లేదు.

చాపలు, కావా ఫ్లాస్కులు, ఖర్జూరం గింజలు,
ఆ పక్క పఠాన్ పిల్లోళ్ళ క్రికెట్టు,
అన్నీ లెక్క పెట్టుకుంటా ఉండాను.
ఎర్ర గౌను పాప ఒకటి
బంతి వెనకాల చెట్లు దాటి వచ్చేసింది.
పైన అబ్బి మలుపు తిప్పుతా ఉండాడు,
కిందికి, ఇంకా కిందికి.

ఆరేండ్లలో గొంతు లేపిందాన్ని కాదు.
అరబ్బీ రాలేదు.
వాడు నేర్పిన ఇంగ్లీషు ముక్క రాలేదు.
కడుపులో నుంచి లేచింది,
"దించు!"

ఏమని అడగలేదు వాడు.
ఎందుకని అడగలేదు.
పుల్ల మింద బొటనవేలు కదిలింది,
పిట్ట పక్కకు వాలి
యాభై అడుగులవతల గడ్డిలో
పొట్ట మింద జారి ఆగిపోయింది.

పాప తన బంతి తీసుకుంది.
వెనక్కి చూడకనే పోయింది.
వాళ్ళమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతానే ఉంది.
జరగనిది ఎవురికీ కనపడదు.

ముక్కు కొంచెం నలిగింది దానికి.
అబ్బి గడ్డి దులుపుతా
"దిన్షు" అన్నాడు.
వాళ్ళ భాషలో ఆ అక్షరం లేదు పాపం.
"షు కాదబ్బీ. చు. నాలుక పైకి కొట్టు."
"దిన్-షు."
"చు."
గేటు దాకా అదే పాఠం.
నూరుల్ కూడా ఒకసారి అని చూసినాడు.

బ్యాటరీ నా గుడ్డసంచిలో,
అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా.

రాత్రి పిండి తూచబోతే
కాటా మింద గడ్డిపోచ.
ఊదితే ఎగిరిపోయింది. సున్నా.
మేడ మింద వాడు ఒక్కడే,
"దించు, దించు, దించు."
ఈసారి సరిగ్గానే పలికినాడు.
మేడమ్ మెట్ల కాడ నిలబడి
అదేం మాటని అడుగుతా ఉంది.
నేను పిండి పోస్తానే ఉండాను,
నాలుగు నూర్లు కావాల.